రేచీకటి పట్టిన యాంటెన్నా

నేను ఒక యాంటెన్నాను. తిని పారేసిన చేపముల్లులా ఉంటాను. నన్ను చూసి ఎవరూ ముచ్చటపడలేదు. పడాలని నేనూ కోరలేదు.

విజయవాడలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. అల్యూమినియం గొట్టాలను ముక్కలు కోసి, ఒక కడ్డీకి అడ్డంగా బిగించారు. బిగించినవాడు ఆ పని చేస్తూనే, తన ఇంటికి కేబుల్ పెట్టించుకున్నానని పక్కవాడితో గొప్పగా చెప్పాడు. మనుషుల సంగతి నాకు పుట్టిన రోజే తెలిసింది.

నన్ను మొదట కొన్నది బొబ్బిలి దగ్గర ఒక రైసుమిల్లు గుమాస్తా. ఆదివారం పొద్దున వీధి వీధంతా వచ్చి ఆయన వసారాలో కూర్చునేది. బొమ్మ బాగా వస్తే టీవీని మెచ్చుకునేవారు. రాకపోతే నన్ను తిట్టేవారు. ఆ తర్వాత నేను ఎక్కడికి వెళ్ళినా ఇదే న్యాయం. కొన్నాళ్ళకు ఆ వీధిలోకీ కేబుల్ వచ్చింది. నన్ను దించలేదు, మరిచిపోయారు. కాకులు వాడుకున్నాయి. చివరికి గుమాస్తా భార్య నన్ను పాత సామాన్లవాడికి వేసి ఒక స్టీలు గరిటె తీసుకుంది. మంచి గరిటే.

ఆ పాత సామాన్ల గుట్టలోంచి నన్ను బయటికి లాగినవాడు దాలయ్య.

దాలయ్య ఎగ్జిబిషన్ల వెంట తిరిగే మనిషి. అతనికి ఒక మృత్యుబావి ఉంది. బావి అంటే నీళ్ళ బావి కాదు. చెక్క పలకలతో గుండ్రంగా, ఎత్తుగా కట్టిన పెద్ద పీపా. జనం మెట్లెక్కి అంచు చుట్టూ నిలబడి లోపలికి వంగి చూస్తారు. లోపల గోడ మీద మోటారు సైకిలు అడ్డంగా పరుగెత్తుతూ అంచు దాకా ఎక్కి దిగుతుంది. తోలేది దాలయ్య కాదు. అతని భార్య పైడితల్లి. దాలయ్య అడుగున నడిమధ్య నిలబడి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని మైకులో చెబుతాడు. ఇదిగో ఎక్కింది, ఇదిగో ఒక చెయ్యి వదిలేసింది, ఇదిగో రెండూ వదిలేసింది, చూడండి బాబూ చూడండి అంటూ. గొంతు మంచిది. మైదానమంతా వినబడుతుంది.

వాళ్ళ ఇల్లు ఒక పాత బస్సు. సీట్లు పీకేసి మంచం, గ్యాసు పొయ్యి, టీవీ పెట్టుకున్నారు. ఒకసారి సినిమా షూటింగు వాళ్ళెవరో దాన్ని చూసి కారవాన్ అన్నారట. మర్నాడే దాలయ్య ముందు అద్దం మీద ఆ మాట ఎర్ర రంగుతో రాయించాడు. పైడితల్లి మాత్రం బస్సనే అనేది. ఊరు మారినప్పుడల్లా గొడుగు తిప్పుకోలేక దాలయ్య డిష్ పెట్టించలేదు. నన్ను టాపు మీద ఇనప గొట్టానికి బిగించాడు. బయల్దేరేటప్పుడు పడుకోబెట్టేవాడు. మకాం చేరాక నిలబెట్టేవాడు. టీవీ టవరు మెల్లగా చెప్పే మాటను నేను పట్టి కిందికి పంపేవాణ్ణి. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

తునిలో ఉండగా టీవీ వాళ్ళు వచ్చారు. సాహసాలు చేసే ఆడవాళ్ళ మీద కార్యక్రమం తీస్తున్నారు. పైడితల్లి తోలుతుండగా అంచు మీది నుంచి తీశారు, అడుగుకు దిగి కూడా తీశారు. దాలయ్య ముఖం కనబడటం లేదని కళ్ళద్దాలు తీయించారు. వచ్చే శనివారం సాయంత్రం వార్తల ముందు వేస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

పైడితల్లి ఆ సాయంత్రం బస్సు మెట్ల మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటూ అంది.

"ఊళ్ళోల్లందరూ నన్ను సూసినారు. నేనే సూడ్నేదు."

నిజమే. బావిలో అద్దం ఉండదు. జనం ఫోన్లలో తీసుకునేవారు గాని, ఎవరి ఫోను వారి జేబులో ఇంటికి పోయేది. ఒకడు ఒకసారి చూపించాడు, అందులో పొగ, ఒక మసక గీత తప్ప ఏమీ లేవు. ఇకపైన చూసుకునే వీలు కూడా లేదు. మోకాలు అరిగిపోయింది. ఈ సీజను తర్వాత బండి ఎక్కితే కాలు చేతికొస్తుందని డాక్టరు చెప్పాడు. ఆమెకు మిగిలింది ఆ శనివారం ఒక్కటే.

దాలయ్య అది విని ఊరుకుని ఉంటే బాగుండేది. ఊరుకోలేదు. ఆ శనివారానికి బస్సును పెళ్ళిపందిరిలా చేయాలనుకున్నాడు. ప్రైవేటు బస్సుల్లో ఉంటాయే, ఎర్రగా నీలంగా వెలిగే ఎల్ఈడీ లైట్ల పట్టీలు, అవి తెచ్చాడు. లోపల సీలింగు చుట్టూ, బయట టాపు అంచు చుట్టూ అంటించాడు. వాటికీ బ్యాటరీకీ మధ్య ఒక చిన్న డబ్బా. చవక డబ్బా. లైట్లు వెలిగినంతసేపూ అది గాలిలోకి గోల వదులుతుంది. మనిషి చెవికి వినబడదు. నాకు వినబడుతుంది. ఎక్కడో కొండ మీద టవరు చెప్పే మాట వినాలంటే, నా కాళ్ళ దగ్గర కూర్చుని ఇది అరుస్తూ ఉంటుంది. నేను రెండూ కలిపి కిందికి పంపాను. నా దగ్గర జల్లెడ లేదు.

తెర నిండా ఈగలు ముసిరాయి. అడ్డంగా గీతలు పరుగెత్తాయి.

పగలు లైట్లు వేసేవారు కాదు. బొమ్మ అద్దంలా వచ్చేది. చీకటి పడగానే లైట్లు వేసేవారు. బొమ్మ పోయేది. ఏమైందో చూద్దామని దాలయ్య పైకి ఎక్కేవాడు. ఎక్కే ముందు, వెలుతురు చాలదని, మిగిలిన లైట్లు కూడా వేసేవాడు. అప్పుడు మాట కూడా పోయేది. వెతికి వెతికి విసిగి, దిగి, లైట్లన్నీ ఆర్పి టీవీ కట్టేసి పడుకునేవాడు. లైట్లు ఆర్పాక టీవీని ఇంకొక్క నిమిషం ఉంచినా సరిపోయేది. ఉంచలేదు.

జెయింటు వీలు నడిపే గవరయ్య వచ్చి చూశాడు. అతనికి తెలియని విషయం లేదు. నన్ను పగలు ఒకసారి, చీకట్లో ఒకసారి పరిశీలించి తేల్చాడు.

"రేసీకటి బావా. మా ఎద్దుకీ ఇలాగే ఉండీది. పగలు సుబ్బరంగా సూసీది."

నవ్వాల్సిన మాట. దాలయ్య నవ్వలేదు. పొన్నగంటి కూర కంటికి మంచిదని నూరి తెచ్చి, నా ముళ్ళన్నిటికీ పట్టించాడు. ఎండకు అది గట్టిపడి రాలిపోయింది. రాలగా మిగిలినదానికి చీమలు పట్టాయి. తర్వాత మునగాకు. ఆ తర్వాత నిమ్మకాయ, మిరపకాయలు కట్టారు, దిష్టి అయి ఉంటుందని. పైడితల్లి కాటుక కూడా పెట్టబోయి, పెట్టేది ఎక్కడో తెలియక దిగిపోయింది.

టీవీ మెకానిక్కు వచ్చాడు. పగలే వచ్చాడు. బొమ్మ బాగానే ఉందన్నాడు. అయినా వచ్చినందుకు ఒక బూస్టరు బిగించి పోయాడు. బూస్టరంటే నేను పంపినదాన్ని పెద్దది చేసేది. ఆ సాయంత్రం అది ఈగలను తేనెటీగలంత చేసింది. మిగతా కొట్లలో ఇంకా పాత బల్బులే, వాళ్ళ టీవీల్లో బొమ్మ వస్తూనే ఉంది. కాబట్టి తప్పు నాదేనని అందరూ ఒప్పుకున్నారు. ఆ కొట్లకే వెళ్ళి చూద్దామని పైడితల్లి అంది. కారవాన్ ఉండగా ఒకరి గుమ్మంలో కూర్చుని చూస్తామా అని దాలయ్య కసిరాడు.

శనివారం వచ్చింది. మకాం నర్సీపట్నంలో. కొట్ల వాళ్ళు చాలామంది బస్సులో కూర్చున్నారు, పట్టనివాళ్ళు కిటికీల దగ్గర నిలబడ్డారు. పైడితల్లి తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుని టీవీ ఎదురుగా కూర్చుంది. దాలయ్య లైట్లన్నీ వేశాడు. బస్సు ఎర్రగా నీలంగా వెలిగింది. టీవీలో ఈగలు తప్ప ఏమీ లేవు. కార్యక్రమం పేరు కాబోలు ఎవరో చదువుతున్నారు, గరగరలో తెలియలేదు.

దాలయ్య నిచ్చెనెక్కాడు. నన్ను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. నా తల మీద రెండు తగిలించాడు. అవి నాకు ఇంకా గుర్తే. కింద అయిపోతోంది, అయిపోతోంది అంటున్నారు. పైడితల్లి గొంతు మాత్రం వినబడలేదు. ఆ కంగారులో దాలయ్య కాలు లైట్ల తీగలో చిక్కుకుంది. తీగ పుటుక్కున తెగింది. లోపలా బయటా లైట్లన్నీ ఆరిపోయాయి. పడిపోకుండా అతను రెండు చేతులతో నన్ను కావలించుకున్నాడు.

అదే క్షణంలో బొమ్మ వచ్చింది. ముగ్గులా తేటగా వచ్చింది.

గవరయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"అలాగే పట్టుకో బావా. సెయ్యి వొగ్గీకు. వొగ్గీసేవంటే బొమ్మెల్లిపోద్ది."

దాలయ్య వదల్లేదు. ఊపిరి కూడా జాగ్రత్తగా తీశాడు. దోమలు ముఖం మీద వాలాయి. తోలలేదు. లైట్లు పోయాయని కింద ఒకరెవరో అన్నారు. పోనీ, సినిమా హాల్లోలా ఉందని ఇంకొకరు సర్దేశారు. అంతటితో ఆ విచారణ ముగిసింది.

ఆ బొమ్మ నాలోంచే కిందికి వెళ్ళింది కాబట్టి నేనూ చూశాను. పైడితల్లి గోడ మీద తిరుగుతోంది. జనం చెప్పుకునేటట్టు నవ్వుతూ ఏమీ లేదు. బియ్యంలో రాళ్ళు ఏరే మనిషి ముఖంలా ఉంది. చెంగు నడుముకు బిగించి, పెదవి కొంచెం తెరిచి, ఎదుటి పలక తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టు చూస్తోంది. అంచు నుంచి ఎవరో చాచిన రుమాలు లాక్కుంది. రెండు చేతులూ వదిలేసింది. బస్సులో ఎవరూ కదలలేదు.

అప్పుడు కెమెరా కిందికి దిగి దాలయ్యను దగ్గరగా చూపించింది. మైకు నోటి దగ్గర ఉంది. చూడండి బాబూ చూడండి అని గొంతు చించుకుంటున్నాడు. కళ్ళు మాత్రం గట్టిగా మూసుకున్నాడు. ఇంజెక్షను చేయించుకునే మనిషిలా, నుదురంతా ముడుచుకుని.

బస్సు బస్సంతా నవ్వింది. గవరయ్య బల్ల చరిచి నవ్వాడు. పైడితల్లి నవ్వలేదు. బొమ్మ అయిపోయాక లేచి, అరిగిన మోకాలితో నిచ్చెనెక్కి పైకి వచ్చింది. దాలయ్య ఇంకా నన్ను పట్టుకునే ఉన్నాడు.

"అయిపోనాది. వొగ్గీ."

"ఎలాగొచ్చినాది?"

"బాగొచ్చినాది."

"మరి నేను పట్టుకున్నాను గాదేటి," అన్నాడు. గర్వంగానే అన్నాడు.

ఆమె అతని ముఖం మీది దోమలు తోలింది.

"ఆ నల్లద్దాలు ఎందుకెట్టుకుంతావు మావా?"

"దుమ్ము."

"దుమ్మా?"

అతను నన్ను వదిలి కూర్చున్నాడు. కాలికి చుట్టుకున్న తీగను విప్పుకున్నాడు.

"మొదటి దినం తెరిసే ఉంచేను. ఒక్క సుట్టు సూసేను. నువ్వు పైకెక్కిపోనావు. అంతే. మరి సూడనేకపోనాను."

"మరి మైకులో సెప్పీదంతా?"

"బండి సప్పుడు బట్టి సెప్తాను."

పైడితల్లి అతని ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిందే.

"లోకమంతా సూసినాది. ఇయాల నేనూ సూసుకున్నాను. ఇంక నువ్వొక్కడివే మిగిలేవు. రేపు కళ్ళు తెరువు. తెరవకపోతే నేను బండెక్కను." అని దిగిపోయింది.

మర్నాడు పొద్దున దాలయ్య నాకు ఒక పని చేశాడు. రోజూ పైన నిలబడి పట్టుకోలేడు కాబట్టి, తన పాత చొక్కాలో గడ్డి కుక్కి ఒక మనిషిని చేసి, వాడి రెండు చేతులూ నాకు కట్టాడు. తెగిన లైట్ల తీగ అతికే తీరిక దొరకలేదు. కాబట్టి బొమ్మ బాగానే వచ్చింది. పుణ్యం గడ్డి మనిషికి దక్కింది. గవరయ్య వాడికి దండం కూడా పెట్టాడు.

ఆ సాయంత్రం మొదటి ఆటకే బావి చుట్టూ జనం నిండారు. టీవీలో చూసి వచ్చినవాళ్ళే ఎక్కువ. బస్సు టాపు నుంచి నాకు బావి లోపల కనబడదు, మైకు వినబడుతుంది. బండి మొదలైంది. దాలయ్య ఎప్పటిలా మొదలుపెట్టాడు. ఇదిగో ఎక్కింది అన్నాడు. ఇదిగో ఇటు, ఇదిగో అటు అంటున్నాడు. కళ్ళు తెరిచాడని తెలిసింది, ఎందుకంటే మాటలు తడబడుతున్నాయి. ఆమె వెంట తనూ గిర్రున తిరుగుతున్నాడు. తిరిగి తిరిగి మాట ఆగిపోయింది. దబ్బుమని చప్పుడు. మైకు కీచుమంది.

బండి ఆగలేదు. గోడ మీది బండి ఉన్నపళాన ఆగితే పడిపోతుంది. అది తిరుగుతూనే ఉంది. చాలాసేపటికి స్పీకర్లలోంచి దాలయ్య గొంతు వచ్చింది, అరుపు కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు.

"పడుకుంతే మొత్తం కనబడతన్నావే పైడీ."

బండి ఇంకో చుట్టు తిరిగాక,

"బాగా తోల్తన్నావు," అన్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. ఇది కూడా ఆటలో భాగమే అనుకున్నారు. ఆ మర్నాటి నుంచి నిజంగానే ఆటలో భాగమైంది. దాలయ్య బావి నడిమధ్య చాప వేసుకుని వెల్లకిలా పడుకుని, మైకు గుండెల మీద పెట్టుకుని చెప్పేవాడు. నల్లద్దాలు మళ్ళీ పెట్టుకోలేదు. సీజను అయిపోయేదాకా ఒక్క ఆట కూడా వదలకుండా చూశాడు.

సీజను అయిపోయింది. బావి పలకలు ఎవరో కొనుక్కున్నారు. బస్సు కూడా ఎవరో కొన్నారు. కొన్నవాళ్ళకు నేను అక్కర్లేదు. దాలయ్య నన్ను అనకాపల్లిలో పాత ఇనుము కొట్టుకు తెచ్చాడు. గడ్డి మనిషి చేతుల ముడి విప్పలేక కొట్టువాడు చొక్కాతో సహా నన్ను గుట్ట మీదికి విసిరాడు. ఇక్కడే ఉన్నాను. ఇక్కడ అన్నీ వినబడతాయి, ఎవరికి పంపాలో తెలియదు.

దాలయ్య నాకు ఒక్క మంచి మాట చెప్పలేదు. తల మీద కొట్టిన దెబ్బలకు ఒకసారి తడమనైనా లేదు. నేను అతన్ని క్షమించలేదు. ఆ గోల చేసింది లైట్లని అతనికి ఈనాటికీ తెలియదు, తెలియకపోవడమే న్యాయం.

ఆ రోజు పైడితల్లి కూడా వచ్చింది. పని అయ్యాక, నడు మావా అని తను ముందు నడిచింది, కొంచెం కుంటుతూ. దాలయ్య వెనక నడిచాడు. దారి చూడలేదు. ఆమెనే చూస్తూ నడిచి, కొట్టు గేటుకు నుదురు కొట్టుకున్నాడు.

ఇనప గేటు. చాలాసేపు మోగింది.