విల్లో బెరడు ఆరేలోపు

మా తమ్ముడు ఐలిఫ్‌కీ మార్యక్కకీ మధ్య ఒక పందెం ఉండేది. ఎన్ని వేసవులు గడిచినా అది తేలలేదు, తేలే వీలు కూడా లేదు.

ఐలిఫ్ వాయించేది మా నార్వే కొండవాళ్ళ విల్లో పిల్లనగ్రోవి. మంచు కరిగి చెట్టులోకి రసం ఎక్కే రోజుల్లో కొమ్మ కోసి, కత్తిపిడితో మెల్లగా తడుతూ, పసిపిల్లని బుజ్జగించినట్టు బుజ్జగిస్తే బెరడు గొట్టంలా ఊడి వస్తుంది. ఆ గొట్టమే పిల్లనగ్రోవి. దానికి వేళ్ళు పెట్టే చిల్లులు ఉండవు. కొసని వేలితో మూస్తూ తెరుస్తూ ఊపిరి పెంచుతూ తగ్గిస్తూ పోతే స్వరాలు వాటంతటవే పుడతాయి. చర్చి ఆర్గన్‌లో దొరకని స్వరాలు అవి. మా పాస్టరుకి అపస్వరాలు, మా మేకలకి ప్రాణం. సాయంత్రం వాడు ఊదితే కొండమీద ఎక్కడున్నా దిగి వచ్చేవి. కానీ బెరడు ఆరిందంటే చిట్లిపోతుంది, పాట అంతటితో సరి.

మార్యక్క సామీ తెగ మనిషి, రెయిన్‌డీర్లు కాచుకునే జాతి. ఏటా వేసవిలో కొడుకులతో, రెయిన్‌డీర్లతో వచ్చి, మేము మేకల్ని మేపుకుంటూ ఉండే కొండ పచ్చిక పక్కనే గుడారం వేసేది. ఆవిడది వాగు ఒడ్డున మొలిచే ఏంజెలికా మొక్క కాడతో చేసిన బూర, వాళ్ళ మాటలో ఫాద్నో. పచ్చి కాడకి సన్నగా చీలిక పెట్టి, నాలుగు చిల్లులు పొడిచి ఊదితే ముక్కుతో మాట్లాడే ముసలమ్మలా గరగరలాడుతుంది. మావాడి పాట పైపైకి పోయేది. ఆవిడ పాట నేల వదిలేది కాదు, ఉన్న నాలుగు స్వరాల చుట్టూనే తిరిగేది. అదీ ఒక పాటేనా అని వాడు, గాలి వీస్తే దానికి పాటని పేరు పెట్టుకున్నారని ఆవిడ, మా వాకిట్లో కాఫీ తాగుతూ దెప్పుకునేవాళ్ళు. ఒకేసారి ఊదాలి, ఎవరు ముందు ఆపితే వాళ్ళు ఓడినట్టు. ఇదీ పందెం. చిక్కల్లా కాలంతోనే. ఏంజెలికా కాడ ఎదిగే వేళకి విల్లో బెరడు కొమ్మకి కరుచుకుపోతుంది. ఒకటి ఉంటే ఇంకొకటి ఉండదు.

ఆ ఏడు జూలైలో ఐలిఫ్‌కి ఒక ఆలోచన తట్టింది. పై లోయలో మంచు ఆలస్యంగా కరుగుతుంది కాబట్టి అక్కడి విల్లోలు అప్పుడప్పుడే నిద్ర లేస్తుంటాయని, వాటి బెరడు ఊడుతుందని అన్నాడు. రొట్టె, జున్ను మూటకట్టుకుని, నడుముకి కత్తి పెట్టుకుని వెళ్ళాడు. మధ్యాహ్నానికి పొగమంచు దిగింది. వాడు తిరిగి రాలేదు.

ఊరివాళ్ళు వెతికారు. మార్యక్క కొడుకులు కుక్కల్ని తీసుకుని వెతికారు. చివరికి పాస్టరు కొండెక్కి వచ్చి, వాడి ఆత్మకి శాంతి కోసం ప్రార్థన చేస్తానన్నాడు. మనిషి దొరక్కుండా చావేమిటని ఆయన్ని గుమ్మంలోంచే పంపేశాను. నా నోటి దురుసు ఊరందరికీ తెలిసిందే. వాడు బతికే ఉన్నాడని నా నమ్మకం. ఆ ఒక్క నమ్మకంతో మేకల్ని పితుక్కుంటూ, జున్ను కాచుకుంటూ కొండమీదే ఉండిపోయాను.

ఆగస్టు వచ్చాక ఒక సాయంత్రం పై లోయలోంచి పిల్లనగ్రోవి వినిపించింది.

మేకల్ని పిలిచే పాటే. నేను పితుకుతున్న మేక పాల బకెట్ తన్నేసి అటు నడిచింది. మిగతావన్నీ దాని వెనకే కదిలాయి. మార్యక్క కాఫీ కప్పు చేత్తో పట్టుకునే గుడారంలోంచి బయటికి వచ్చింది. సంతోషంతో ఆవిడ దగ్గరికి పరిగెత్తాను.

"వాడే అక్కా. విన్నావా, వాడే."

ఆవిడ చాలాసేపు వింది. "విల్లో బెరడు ఇన్నాళ్ళు నిలుస్తుందటే, గూరో?"

నీళ్ళలో నానేస్తే నిలుస్తుందని, కాలు విరిగి ఎక్కడో పడి ఉండి రోజూ దాన్ని తడుపుకుంటున్నాడని వాదించాను. నీళ్ళలో ఉన్నది పిల్లనగ్రోవి ఒక్కటేనా అని ఆవిడ అడగలేదు గానీ, ఆ ప్రశ్న ఆవిడ మొహంలో కనబడింది. నాకు ఒళ్ళు మండింది. ఊపిరి తీసుకునే సందు ఎక్కడా లేకుండా వస్తోంది ఆ పాట. అది నేనూ గమనించాను. గమనించనట్టు మేకల వెనక బయల్దేరాను.

మార్యక్క నన్ను వద్దనలేదు. కప్పు రాతిమీద పెట్టి నాతో వచ్చింది. దారిలో వాగు ఒడ్డున ఒక పచ్చి కాడ కోసి, నడుస్తూనే చీలిక పెట్టి చిల్లులు పొడవసాగింది. ఇప్పుడు అదెందుకని కసిరాను.

"పందెం ఉందిగా" అంది.

పై లోయలో వాగుని కప్పేసి పెద్ద మంచు మేట ఉంది. అడుగున నీళ్ళు తొలుచుకుపోగా పైన కప్పు మాత్రం మిగిలింది. పాట ఆ కప్పు కిందనుంచి వస్తోంది. మేకలు మంచు అంచున ఆగిపోయాయి. ఒక్కటి కూడా కాలు పెట్టలేదు. మేకలకున్న బుద్ధి నాకు లేకపోయింది. ఐలిఫ్ పేరు పిలుస్తూ మంచు మీదకి నడిచాను. నేను ఒక అడుగు వేస్తే పాట ఇంకో అడుగు ముందుకి జరుగుతోంది.

వెనక్కి రమ్మని మార్యక్క పిలిచింది. నేను వినిపించుకోలేదు. అప్పుడు ఆవిడ బూర నోట్లో పెట్టుకుంది.

ఆ రెండూ కలిసి మోగడం అదే మొదలు. కలిసి మోగాయే గానీ కలవలేదు, ఒకదాన్నొకటి రాసుకున్నాయి. ఆ రాపిడిలో ఇద్దరిలో ఎవరూ ఊదని మూడో స్వరం పుట్టింది. బొంగురుగా, మనిషి నోరు మూసుకుని మూలిగినట్టు, సరిగ్గా నా చెవుల లోపల. చిన్నప్పుడు ఐలిఫ్ నిద్రలో అలాగే మూలిగేవాడు. మేకలు మోకాళ్ళమీద కూలబడ్డాయి. నాకు భయమేసింది. సొంత తమ్ముడంటే భయమేయడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది.

అంత భయంలోనూ నా కాళ్ళు ముందుకే వెళ్తున్నాయి. వెనక మార్యక్క బూర వణుకుతోంది, ఆవిడ ఊపిరి అయిపోవస్తోంది. ఇంకొక్క క్షణంలో ఆవిడే ఓడిపోయేది.

పిల్లనగ్రోవి ఆగిపోయింది. కొసమీద వేలు నొక్కేసినట్టు, పాట మధ్యలో.

ఎటు వెళ్ళాలో తెలియక నిలబడిపోయాను. నా కాళ్ళ ముందునుంచి మంచు విరిగి, కప్పంతా వాగులోకి కూలింది.

పొడి మంచు సద్దుమణిగాక ఇద్దరం ఒడ్డు పట్టుకుని కిందికి దిగాం. ఐలిఫ్ రాళ్ళ మధ్య పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు, గడ్డకట్టి చాలా రోజులైంది. పిల్లనగ్రోవి వాడి చేతుల్లో ఉంది. బెరడు అప్పుడే కొమ్మనుంచి ఊడదీసినట్టు పచ్చగా ఉంది, కోసిన అంచున రసం బొట్టు కూడా ఆరలేదు. కొసని వాడి వేలు మూసి ఉంది. ఆ వేలు తీయడం నా వల్ల కాలేదు. మార్యక్క తీసింది.

ఓడిపోయాడు అన్నాను.

"వాడా?" అంది మార్యక్క, ఇంకా రొప్పుతూనే. "వాడికి ఇప్పుడు ఊపిరితో పనేముందే, పిల్లా. ఏడాదంతా ఊదగలడు. నిన్ను చూసి ఆపాడు."

వాడిని మోసుకు రావడం మా ఇద్దరి వల్ల కాదు. నా శాలువా కప్పి, పిల్లనగ్రోవి ఒక్కటీ పట్టుకుని దిగాను. దారిలోనే గుప్పిట్లో బెరడు బిగుసుకోవడం తెలుస్తోంది. గుమ్మంలో గుప్పిట విప్పితే అది ఎండి, నల్లబడి, ఈ కొసనుంచి ఆ కొసకి చిట్లి ఉంది. నోటికి పెట్టుకుని ఊదాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

పాస్టరుకి కబురు పెట్టమని మార్యక్కతో చెప్పాను.