ఎడమ బుగ్గ లోపలి సందు

ఈ ఉదయం మా ఆయన ఎడమ బుగ్గకు తలుపు వచ్చింది. నుదుటి నుంచి బుగ్గ దాకా పరుచుకున్న ఎర్రమచ్చలో, చెవికి కాస్త ఇవతల ఉంది. కొత్త కాపురం కదా, ఆయనలో కొత్తగా ఏది కనిపించినా నాకు ముద్దుగానే ఉంటోంది.

ఆయన, సుధన్వ, పీట మీద కూర్చున్నారు. వాళ్ళమ్మ, రాజ్యం అత్తయ్య, నలుగు పెడుతున్నారు. మెడకూ భుజాలకూ కుడి బుగ్గకూ సున్నిపిండి రాసి, ఎడమ బుగ్గ దగ్గర చెయ్యి వెనక్కి తీసుకుంటున్నారు. కొడుకు పుట్టినప్పటి నుంచీ ఆ బుగ్గను ఆవిడ తాకలేదట.

"వీడు కడుపులో ఉండగా గ్రహణం వేళ మొహం గోక్కున్నానే అమ్మాయ్. ఈ మచ్చా, వీడికొచ్చే మూర్ఛా, రెండూ నా గోళ్ళ పాపమే."

"లోపలికెళ్ళి కనుక్కుందాం రండి, అత్తయ్యా."

"త్వరగా రండి, నీళ్ళు చల్లారిపోతాయి," అంటున్నారు సుధన్వ. "చెప్పులు బయటే విడవండి."

లోపల వెచ్చని ఎర్రటి సందు. గోడలు ఊపిరి పీలుస్తున్నాయి. సందు చివర సుధన్వ, ఇంకా కడుపులో పిండంగా, పెసరగింజంత ఉన్నారు. ఇంకా మొహం రాలేదు. వీపు మీద కజ్జికాయ అంచులాంటి మడత. అందులోంచి కణాలు, బస్సు దిగిన పెళ్ళివారిలా, సంచులతో దిగుతున్నాయి. ఒకే గుంపులో సగం మెదడు పొర వైపు, సగం మొహం రాబోయే చోటికి బయల్దేరుతున్నాయి.

ఆ గుంపు ఇంకా విడిపోకముందే అందులో ఒక ముసలి కణం రక్తనాళం అల్లుతోంది. ఒక ముడి జారుతుంది. ఆవిడ చూసుకోదు. ఆవిడ పిల్లలు రెండు దారుల్లోనూ అలాగే వదులుగా అల్లుకుంటూ పోతున్నారు.

"నేను గోక్కున్నది ఇప్పుడేనా?" అడుగుతున్నారు అత్తయ్య.

"ఇప్పుడు మీకు వీడున్నాడనే తెలీదమ్మా. పక్కింట్లో పేకాడుతున్నారు. గ్రహణం నాటికి మా అల్లిక ఎప్పుడో అయిపోతుంది," అంటోంది ముసలి కణం.

"మరి తప్పెవరిది?"

"ముడి జారింది. మొహాన మచ్చయింది, మెదడులో మూర్ఛయింది. జారాలని జారలేదు."

అత్తయ్య చాలాసేపు తన గోళ్ళు చూసుకుంటున్నారు. తర్వాత అరచెయ్యి గోడకు ఆనిస్తున్నారు.

"అమ్మా, చెయ్యి గరుకుగా ఉందే," బయటి నుంచి సుధన్వ గొంతు.

"పిండి చెయ్యిరా. ఓర్చుకో."

ఆవిడ చెయ్యి తియ్యడం లేదు. దాని పక్కన గోడలోంచి మరో ఆడమనిషి చెయ్యి మొలుస్తుంది, దాని పక్కన ఇంకొకటి. అన్నీ ఎవరెవరో, తమనే తప్పుపట్టుకున్న తల్లులవి. ఆ గాజులన్నీ ఒక్కసారి గలగలమనగానే సందు నేల వదిలి, కొంగలా కాళ్ళు ముడుచుకుని, మాతో సహా పైకి లేస్తుంది.