నలభై ఒక్కమంది తల్లులు

కోల్డ్‌వాటర్ యూనివర్సిటీలో ఫుట్‌బాల్ ఎత్తేస్తున్నారన్న కబురు జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి బయటపెట్టారు. పిరికివాళ్లకి అదే మంచి ముహూర్తం. శని, ఆదివారాలు గడిచేసరికి తిట్టేవాళ్లకి నోళ్లు నొప్పెట్టి ఊరుకుంటారని ఆశ. అలబామాలో ఫుట్‌బాల్ గురించి మాట్లాడి నోరు నొప్పెట్టినవాడు ఇంతవరకూ పుట్టలేదని ఆ కొత్త ప్రెసిడెంటుకి ఎవరూ చెప్పినట్టు లేదు.

ప్రెసిడెంటు పేరు హాల్వర్సన్. మిన్నెసోటా నుంచి వచ్చి పద్నాలుగు నెలలైంది. యూనివర్సిటీ అప్పుల్లో ఉందన్నాడు, అది అబద్ధం కాదు. హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకి దిండ్లు కట్టుకుని గుద్దుకునే ఈ ఆట మీద ఏడాదికి ఇరవై ఆరు లక్షల డాలర్లు పోతున్నాయన్నాడు, అదీ అబద్ధం కాదు. మా టిక్కెట్ల డబ్బు బస్సుల డీజిలుకే చాలదు. కానీ నిజాలు చెప్పేవాడల్లా తెలివైనవాడని ఎవరన్నారు?

ఫుట్‌బాల్ ఆఫీసులో లవేడా క్రంప్టన్ ఇరవై ఏడేళ్లుగా సెక్రెటరీ. ఆరుగురు కోచ్‌లు మారారు, ఆవిడ కుర్చీ మారలేదు. ఆరో కోచ్ కబురు తెలిసిన ఎనిమిదో రోజుకల్లా జార్జియాలో ఇంకో ఉద్యోగం చూసుకుని, బల్లమీద కాఫీ కప్పు కూడా కడక్కుండా వెళ్లిపోయాడు. మిగిలింది లవేడా, ఇంకా చదువు పూర్తికాని నలభై ఒక్కమంది ఆటగాళ్లు. వాళ్ల స్కాలర్‌షిప్పులు మే నెలతో సరి అని ప్రెసిడెంటు ఉత్తరం పంపాడు.

ఆ ఉత్తరమే లవేడా ఒంటికి కారం రాసినట్టయింది. ఎందుకంటే ఏటా ఫిబ్రవరిలో కుర్రాళ్లు మా టీములో చేరతామని సంతకాలు పెట్టేముందు కోచ్ వాళ్ల ఇళ్లకి వెళ్లి, సోఫాలో కూర్చుని, పెట్టిన ఆపిల్ పై అంతా తిని, మీవాడు సింహం అని పొగిడి వస్తాడు. మర్నాడు పొద్దున్నే తల్లి ఆఫీసుకి ఫోన్ చేస్తుంది. అందరిదీ ఒకటే ప్రశ్న. "మావాడు డిగ్రీతో బయటికొస్తాడా?" లవేడాదీ ఒకటే జవాబు. "వస్తాడమ్మా, నాదీ పూచీ." నలభై ఒక్కమంది తల్లులకి ఆవిడ అలా పూచీపడి ఉంది.

ఇప్పుడు ఆ తల్లులే ఫోన్లు చేస్తున్నారు. మోబీల్ నుంచి మిసెస్ గేదర్స్ అయితే హలో కూడా అనలేదు. "కోచ్ మాట నేనెప్పుడూ నమ్మలా. నువ్వు చెప్పావని పంపించా. ఇప్పుడేమంటావ్?"

"చెప్పిన మాటే అంటున్నా. నాకు కొంచెం టైమివ్వు," అంది లవేడా. ఫోన్ పెట్టేసి, "నేనిచ్చిన మాట రద్దు చెయ్యడానికి వీడెవడు?" అని పైకే అరిచింది.

ఆవిడ దేనికి టైమడిగిందో ఫిబ్రవరి ఆఖర్లో తేలింది. పెద్ద యూనివర్సిటీలు సీజను మొదట్లో మాలాంటి చిన్నవాళ్లని పిలిచి, ఎనభై వేలమంది ముందు చితక్కొట్టి, డబ్బిచ్చి పంపిస్తాయి. దెబ్బలూ మావే, చెక్కూ మాదే. ఆ ఒప్పందాలు మూడేళ్ల ముందే రాసుకుంటారు. రాబోయే సెప్టెంబరు ఆరున అలాంటి ఆట ఒకటి ఒప్పుకుని ఉన్నాం. వెళితే నాలుగున్నర లక్షల డాలర్లు మాకిస్తారు, వెళ్లకపోతే అంతా మేమే కట్టాలి. వెళ్లడానికి టీమేదీ? ఆ డబ్బు ఎప్పుడు కడతారంటూ పెద్ద యూనివర్సిటీ నుంచి ఉత్తరం రాగానే హాల్వర్సన్ గొంతులో వెలక్కాయ పడింది. లవేడాకి పిలుపొచ్చింది.

"ఈ సంగతి నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు నన్నడిగారా సార్? షికాగో నుంచి లెక్కలవాళ్లని పిలిపించారు. వాళ్లు మా సాక్సులు లెక్కపెట్టి పోయారు. ఒప్పందాలు నా బీరువాలో ఉన్నాయి, బీరువా ఎవరూ తెరవలేదు."

"దీన్లోంచి బయటపడే దారేమైనా ఉందా?"

"ఎందుకు లేదు? వాళ్లకి కావల్సింది మన డబ్బు కాదు. టిక్కెట్లు అమ్ముకున్నారు కదా, ఆ రోజు ఎదురుగా నిలబడి తన్నులు తినేవాళ్లు కావాలి. మన బదులు ఇంకో టీముని చూపిస్తే జరిమానా వదిలేస్తారు."

"ఇప్పటికిప్పుడు అలాంటి టీము ఎక్కడుంది?"

"నాకు తెలుసు. మీకు చెప్పను."

ఇరవై ఏడేళ్లలో ఆవిడ ఏ ప్రెసిడెంటుతోనూ అలా మాట్లాడలేదు. మాట్లాడాక తెలిసింది, ఎంత సుఖంగా ఉంటుందో! నలభై ఒక్కమందికీ డిగ్రీ చేతికొచ్చేదాకా స్కాలర్‌షిప్పు ఇస్తామని కాగితం మీద రాసివ్వమంది. తన ఉద్యోగం ఆగస్టు ఆఖరుతో పోతోంది, దాని ఊసు ఎత్తలేదు. హాల్వర్సన్ పెన్సిలు తీసి ఏవో గీతలు గీసుకుని, అనుకున్నదానికంటే తొందరగా ఒప్పుకున్నాడు. ఒకటే షరతు. ఆగస్టు పదిహేను సాయంత్రం ఐదులోపల కుర్రాడు స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, లేకపోతే హక్కు పోతుంది.

"మీది మంచి మనసు మిస్ లవేడా. కానీ వాళ్లు ఆటగాళ్లు. ఆట ఎక్కడుంటే అక్కడికి పోతారు. ఎనిమిదిమంది వస్తారని బడ్జెట్లో రాసుకుంటున్నాను."

"రాసుకోండి సార్. ఆ పెన్సిలుతోనే రాసుకోండి."

మధ్యాహ్నానికల్లా టెనెసీలో ఒక చిన్న కాలేజీ సెక్రెటరీ ఓపల్‌కి ఫోన్ చేసింది. ఏ టీముకి ఏ శనివారం ఖాళీయో కోచ్‌ల కంటే సెక్రెటరీలకే బాగా తెలుసు.

"ఓపల్, సెప్టెంబరు ఆరున మీవాళ్లు ఖాళీయే కదా? తన్నులు తింటారా?"

"ఎంతిస్తారే?"

"నాలుగున్నర లక్షలు."

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! అంతిస్తే నేనే హెల్మెట్ పెట్టుకుని దిగుతా!"

పది రోజుల్లో జరిమానా రద్దయింది, ప్రెసిడెంటు సంతకంతో లవేడా కాగితం లవేడా చేతికొచ్చింది. అసలు కష్టం అప్పుడు మొదలైంది. ఏప్రిల్ నుంచి ఊరూరి కోచ్‌లు మా కుర్రాళ్ల మీద వాలారు. మా టీముకి రా, మా టీముకి రా అని ఒకటే పోరు. లవేడా ఒక్క కుర్రాడికి కూడా ఫోన్ చెయ్యలేదు. బంతి కనిపిస్తే చాలు, పందొమ్మిదేళ్లవాడికి చెవులు వినపడవని ఆవిడకి తెలుసు. తల్లులకి చేసింది. ఎండాకాలమంతా చేసింది. చర్చి నుంచి వచ్చాక చేసింది, బీన్స్ గిల్లుతూ చేసింది.

"అక్కడ స్కాలర్‌షిప్పు ఎన్నేళ్లకిస్తామన్నారు?"

"ఒక ఏడాదికే."

"మోకాలు విరిగితే?"

"అది అడగలా."

"మావాడు ఇక్కడ పాసైన సబ్జెక్టుల్లో మీ దగ్గర ఎన్ని చెల్లుతాయని అడుగు. అడిగి, వాళ్లేమన్నారో నాకు చెప్పు."

చాలామంది అడిగారు. సగం చెల్లవని తేలింది.

ఆగస్టు పదిహేను వచ్చింది. హెల్మెట్లన్నీ ఒక హైస్కూలుకి అమ్మేశారు, గోడల మీద ఫొటోలు దింపేశారు. ఆఫీసులో ఒక బల్ల, రెండు కుర్చీలు, నలభై ఒక్క కాగితాలు. ఎనిమిదయింది, తొమ్మిదయింది, పదయింది. పురుగైనా రాలేదు. లవేడాకి ఆ ఏడాదిలో మొదటిసారి నిజంగా భయమేసింది. ఇంత నోరు పెట్టుకుని ఓడిపోయానా అనుకుంది.

పదింబావుకి ఒక కారు ఆగింది. తలుపంత వెడల్పున్న కుర్రాడొకడు తల దించుకుని లోపలికొచ్చాడు. వెనకాలే చేతిసంచీ చంకన పెట్టుకుని మిసెస్ గేదర్స్. "పెట్టరా సంతకం. ఇంటిపేరు సరిగ్గా రాయి," అంది. ఆ తర్వాత కార్లకి లెక్కలేదు. మోంట్‌గోమరీ నుంచి, సెల్మా నుంచి, ఏడు గంటలు నడుపుకుంటూ ఫ్లోరిడా నుంచి ఒకావిడ. కొడుకు చొక్కా చెయ్యి వదిలితే పారిపోతాడన్నట్టు పట్టుకుని తల్లులు బారులు తీరారు. ఒకావిడ వేయించిన కోడి తెచ్చింది, ఇంకొకావిడ నిమ్మకాయ కేకు. మెట్ల మీదే భోజనాలయ్యాయి.

హాల్వర్సన్ కిటికీలోంచి చూసి చూసి దిగొచ్చాడు. "ఎవరు వీళ్లంతా?"

"తల్లులు సార్. మీ షికాగోవాళ్ల లెక్కలో రారు." సంతకాలైన ముప్ఫైమూడు కాగితాలు చూపించింది. ఆయన ఒక కోడి ముక్క కూడా ముట్టకుండా వెళ్లిపోయాడు. ఆవిడ నవ్వు ఆపుకోలేదు, ఆపుకోవాలనీ అనుకోలేదు.

నాలుగున్నరకి అందరూ వెళ్లిపోయారు. పదినిమిషాలాగి డెమారియన్ పెట్‌వే వచ్చాడు. టీముని మైదానంలో నడిపించేవాడు, అందరికంటే మంచి ఆటగాడు. టెక్సస్‌లో ఒక టీము వాడికోసం జాగా అట్టేపెట్టింది. వాడి వెనక ఎవరూ లేరు. తల్లికి కోళ్ల ఫ్యాక్టరీలో డ్యూటీ.

వాడు పెన్ను తీసుకుని, మూత తీసి, మళ్లీ పెట్టాడు. "మిస్ లవేడా, ఇది రాస్తే ఇక నేను ఫుట్‌బాల్ ఆడనా?"

పొద్దుటినుంచి ఆ మెట్ల మీద తల్లులు కొడుకుల్ని ఊరడిస్తూనే ఉన్నారు. ఎప్పుడో ఒకప్పుడు ఆడతావులే అని, దేవుడు ఇంకో దారి చూపిస్తాడని. లవేడా నోటిదాకా అదే వచ్చింది. వాడి మొహం చూసి మింగేసింది.

"ఆడవు నాయనా. ఇక ఎప్పటికీ ఆడవు."

వాడు ఏడ్చాడు. మొహం దాచుకోకుండా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆవిడకీ కళ్లు ఆగలేదు. తను గెలుచుకున్నదానికి ఖరీదు చెల్లించింది వీడేనని అప్పుడు తెలిసింది.

కాసేపటికి వాడు మొహం తుడుచుకున్నాడు. "అమ్మ ఈ మాట అడగమంది. నువ్వు బుజ్జగించి అబద్ధం చెప్తే వెంటనే లేచి టెక్సస్ బస్సెక్కమంది."

"నిజం చెప్తే?"

వాడు కాగితం దగ్గరికి లాక్కుని, తన పేరు పూర్తిగా, ఒక్క అక్షరం కూడా తగ్గించకుండా రాశాడు.