ఎడమ భుజం మీద బల్లి

అఖ్తర్ ఖాలా నోటి వెంట "పని వచ్చింది" అనే మాట వినడం ఈ జన్మలో అయ్యే పని కాదని, ఆమె దగ్గర కుట్టుపని నేర్చుకోను చేరిన ఏడో నెలలో నాకు అర్థమైంది.

మా ప్రొద్దుటూరులో మగ్గం పని చేసేవాళ్ళు వీధికి పదిమంది ఉన్నారు. జరీ, పూసలు, కుందన్లు కుట్టిన జాకెట్టు వీధి చివర నుంచే మెరవాలి. మేం ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే అఖ్తర్ బీ పని అది కాదు. ఆమె చిన్నప్పుడు కాన్వెంటు సిస్టర్ల దగ్గర నేర్చుకున్నది సూదితో బొమ్మ వేసే పని. పట్టుదారాన్ని విడదీసి ఒక్క పోగు తీసుకోవాలి. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి వేసుకుంటూ పోవాలి. ఒక రంగు ఇంకో రంగులోకి ఎక్కడ మారిందో కంటికి తెలియకూడదు. చూస్తే కుట్టినట్టు కాదు, కుంచెతో వేసినట్టు ఉండాలి. ఏడు నెలలుగా నేను కుట్టిన ఆకులన్నీ కుట్టినట్టే ఉన్నాయట.

"ఆకు ఈనె యాటికి పోతాండాది, నీ కుట్టు యాటికి పోతాండాది? రెండిటికీ మాటల్లేవా మే?" అని నా ముందే కత్తెర తీసి కుట్లు విప్పేసేది. ఆమె విప్పిన దారమంతా దాచి ఉంటే ఒక పరుపు నిండేది.

మా నాన్న అలీ అహ్మద్‌కి ఓపిక అయిపోయింది. "ఈ నెలాఖరు దాకా చూస్తా ఆర్షియా. ఆ అఖ్తర్ బీ తన నోటితో నీకు పని వచ్చిందని చెప్తే సరే. లేకుంటే జమ్మలమడుగులో వలి బాషా మామ చీరలంగట్లో కంప్యూటర్ కాడ కూర్చో" అన్నాడు. రోజంతా బిల్లులు కొట్టడం, సాయంత్రం మామ చెప్పే నీతులు వినడం. నాకు సూది కావాలి. చేతికి పని వస్తోందని నాకు తెలుసు. ఖాలాకే తెలియడం లేదు.

నెలాఖరుకి వారం ఉందనగా నాకు ఒళ్ళు మండింది. ఆకును చూసి ఎవరు ఉలిక్కిపడతారు? బాగున్నా ఆకే, బాగులేకున్నా ఆకే. చూడగానే మనిషి అదిరిపడి ఎగిరేది కుట్టాలి అనుకున్నాను. అప్పుడే వంటింటి గోడ మీద బల్లి కనబడింది.

రెండు రోజులు పొద్దున్నే దాని ఎదుట పీట వేసుకుని కూర్చున్నాను. "ఏంది మే, పెళ్ళిచూపులకొచ్చినట్టు దాన్నట్లా చూస్తాండావు?" అంది అమ్మ.

నాతోపాటు నేర్చుకునే ప్రజ్ఞ తన మీగడరంగు చున్నీ ఇచ్చింది. వాళ్ళ నాన్న త్రివిక్రమరావు గారు పురోహితులు, ఇల్లు ఖాలా ఇంటి పక్క సందులోనే. చున్నీకి ఎడమ భుజం మీద పడే చోట కుట్టడం మొదలుపెట్టాను. మట్టి రంగు, బూడిద, గోధుమ, లేత పసుపు, అన్నీ కలిపి పదకొండు షేడ్లు. పొలుసు ఎటు వాలితే కుట్టు అటు. కంటికి ఒక నల్ల చుక్క, దాని మధ్య ఒకే ఒక్క తెల్ల కుట్టు. చివర్లో పొట్ట కింద సన్నగా బూడిద నీడ వేశాను. ఆ నీడ పడగానే నా చెయ్యి నేనే వెనక్కి లాక్కున్నాను.

"ముందు మా అమ్మ కాడికి పోదాం. ఆమె మోసపోతే ఊరంతా పోయినట్టే" అంది ప్రజ్ఞ. చున్నీ భుజాన వేసుకున్న ఆమె వెంట నేనూ వెళ్ళాను.

ప్రజ్ఞ వాళ్ళమ్మ ఆండాళ్ గారు వరండాలో వడియాలు ఎత్తుతున్నారు. కూతుర్ని చూసి చేట కింద పడేశారు.

"కదలొద్దు! బల్లి పడిండాది నీ మీద! ఏమండీ, పంచాంగం తీసుకుని రాండి!"

త్రివిక్రమరావు గారు పంచాంగాలు రెండు పట్టుకుని పరుగున వచ్చారు. "భుజమా, మెడా? సరిగ్గా చెప్పు, రెండిటికీ ఫలితం వేరే" అని, అంత దూరం నుంచే తల వంచి చూశారు. భుజమేనని తేలింది. ఒక పంచాంగం లాభం అంది, రెండోది కలహం అంది.

"దేన్ని నమ్మేది?" అన్నారాయన.

"కలహందే నమ్మండి, జాగ్రత్త పడొచ్చు. మీరు కంచికి పోయి బంగారు బల్లిని ముట్టుకుని వచ్చినారు కదా, పిల్లను ముట్టుకోండి, దోషం పోతాది."

ఆయన చూపుడువేలు ఒక్కటి చాచి, కూతురి కుడి మోచేతిని అంటీ అంటకుండా తాకి వెనక్కి గెంతారు. ప్రజ్ఞ పెదవి కొరుక్కుంటూ కట్టెలా నిలబడింది. ఆండాళ్ గారు తెచ్చిన బకెట్టు నీళ్ళు ఆమె నెత్తి మీద పడ్డాయి. బల్లి కదల్లేదు. ఇంకో బకెట్టు పడింది. అప్పటికీ కదల్లేదు. ఆండాళ్ గారు చీపురు తిరగేసి ఒక్కటిచ్చారు. బల్లి అక్కడే ఉంది. చివరికి కొంగు చుట్టుకున్న వేళ్ళతో దాన్ని గిల్లి చూశారు.

"దారం" అన్నారు. తర్వాత నావైపు తిరిగారు.

నేను పరుగెత్తి ఉండాల్సింది. నవ్వు ఆపుకోలేక కూలబడ్డాను. ఆమె ఒక చేత్తో తడి చున్నీ, రెండో చేత్తో నా రెక్క పట్టుకుని పక్క సందులోకి ఈడ్చుకెళ్ళారు. ఒళ్ళంతా నీళ్ళు కారుతున్న ప్రజ్ఞ వెనకే వచ్చింది.

"అఖ్తరక్కా, నువ్వు వీళ్ళకు నేర్పిచ్చాండేది ఇదేనా?" అని చున్నీని ఖాలా ముందు పరిచారు.

ఖాలా కళ్ళజోడు పెట్టుకుంది. రేపటి నుంచి జమ్మలమడుగు బస్సే అనుకున్నాను. ఖాలా చాలాసేపు చూసి, "తోక కాడ షేడు తిరగబడింది. వెలుగు ఎడమనుంచి వచ్చాంటే నీడ గూడా ఆ పక్కనే ఎందుకుండాది? గోర్లు మందం. కుట్టినట్టే ఉండాది" అంది.

ఏడుపొచ్చింది నాకు. కానీ నాకంటే ముందు ఆండాళ్ గారికి కోపమొచ్చింది.

"కుట్టినట్టుండాదా? మా ఆయన రెండు పంచాంగాలు తీసినాడు! నేను రెండు బకెట్లు పోసినా! చీపురు పెట్టి కొట్టినా! నీకు కుట్టినట్టుండాదా? సరిగ్గా చూడక్కా!" అంటూ చున్నీ తీసి ఖాలా ఒళ్ళో పడేశారు.

అరవై ఏళ్ళ మనిషి అంత ఎత్తు ఎగరడం నేను ఎప్పుడూ చూడలేదు. దారపు డబ్బా ఒకవైపు, కళ్ళజోడు ఒకవైపు, ఖాలా మంచం మీద.

"తియ్ మే! తియ్యి దాన్ని!"

"దారమే కదా ఖాలా!"

"తెల్సు! తియ్యి!"

చున్నీ చేతిలోకి తీసుకున్నాను. కానీ లోపల పెట్టలేదు. మంచానికి ఇంకో అడుగు దగ్గరికి వెళ్ళాను. ఏడు నెలల ఆకులు నా కళ్ళ ముందు తిరిగాయి. ప్రజ్ఞ అప్పటికే నా ఫోన్‌లో నాన్న నంబరు నొక్కేసి ఖాలాకి అందించింది.

ఖాలా నావైపు చూసింది, బల్లివైపు చూసింది, ఫోన్ చెవిన పెట్టుకుంది.

"అలీ అహ్మద్, నేను అఖ్తర్ బీని. నీ కూతురికి పని వచ్చింది. శానా బాగా వచ్చింది. వలి బాషాను ఇంకో పిల్లను చూసుకోమను." చున్నీవైపు ఇంకోసారి చూసింది. "తోక మాత్రం తప్పే."

నా కళ్ళు నిండిపోయాయి. చున్నీ మడిచి సంచిలో పెట్టాక కూడా ఖాలా మంచం దిగలేదు.