ఎడమ చెంప

"పేరే చెప్పరాని ముసల్ది అచ్చరాలు సదువుతదా? జరుగున్రి, ఎన్క మస్తు మంది ఉన్నరు" అన్నాడు కళ్ల దవాఖానలో చీటీలు రాసేవాడు.

ఆ రోజు కూలి పోగొట్టుకొని కోస్గి నుంచి వచ్చిన బెంజమిన్‌కు ఆ మాటకు కోపం రాలేదు. అతను అనుకుంటున్నదీ అదే. తల్లి జానమ్మ మణికట్టుకూ తన మణికట్టుకూ కలిపి తువ్వాల కట్టుకొచ్చాడు. ఇంట్లో అయితే తాడుతో మంచానికి కడతాడు. కిందటేడు పక్షవాతం వచ్చి లేచిన కాడినుంచి ఆమె పొయ్యి తన్నుకుంటుంది, తలుపుకు గుద్దుకుంటుంది, పళ్లెంలో సగం తిని సగం వదిలేస్తుంది. మతి పోయిందన్నారు ఊళ్లో. ఆ ఒక్క మాట దొరికితే చాలు, ఆ మనిషికి ఇంకేం బాధ ఉందో ఎవరూ చూడక్కర్లేదు. కండ్లన్న చూపిద్దామని భార్య శ్రీదేవి పోరితేనే ఇంతదూరం వచ్చాడు.

వెనక్కి తిరిగినవాళ్లను డాక్టర్ అనూహ్య ఆపింది. అక్షరాలు చదవక్కర్లేదంది. జానమ్మను ఒక తెర ముందు కూర్చోబెట్టింది. తెర మీద కోడిపుంజు బొమ్మ ఒకసారి ఇటు, ఒకసారి అటు మెరుస్తుంది. కింద ఉన్న చిన్న కెమెరా కనుపాపలు ఎటు పోతున్నాయో పట్టుకుంటుంది. కుడివైపు మెరిస్తే జానమ్మ కళ్లు అటు ఉరికాయి. ఎడమవైపు మెరిస్తే కదల్లేదు. మళ్లీ మెరిసింది. కదల్లేదు.

"మతి తప్పింది నిజమే అన్నా. గానీ రెండు కండ్లల్ల ఎడమ దిక్కు సగం ఆమెకు కనబడతలేదు. అద్దాలతోని పోయేది కాదు. పళ్లెం తిప్పి పెట్టున్రి. కుడి దిక్కు నుంచి పోయి పలకరించున్రి. కట్టెయ్యకున్రి."

పరీక్షకు అరపూట కూడా పట్టలేదు. తాడు మాత్రం ఏడాది కట్టారు.

బెంజమిన్ తువ్వాల ముడి విప్పాడు. ఇంట్లో ఆమె బువ్వ వదిలేసినప్పుడల్లా ఎదురుగా నిలబడి కుడిచేత్తో ఆమె చెంప మీద కొట్టేవాడు. దెబ్బ పడేదాకా ఆమె రెప్ప కూడా కొట్టేది కాదు. "చెయ్యెత్తినా బెదరదు, ఎంత మొండిదో సూడు" అని శ్రీదేవికి చూపించి మరీ ఇంకొకటి వేసేవాడు. అన్నీ ఎడమ చెంప మీదే. వస్తున్న ఆ చెయ్యి ఆమెకు ఒక్కనాడూ కనబడలేదు.

ఆ సాయంత్రం మంచానికి తాడు లేదు. జానమ్మ సగం బువ్వ తిని చెయ్యి తీసేసింది. బెంజమిన్ తల్లికి కుడివైపు వచ్చి కూర్చున్నాడు.

"ఇంకా ఉన్నదమ్మా" అంటూ పళ్లెం తిప్పడానికి చెయ్యి చాచాడు.

ఈసారి ఆ చెయ్యి జానమ్మకు కనబడింది. ఎంగిలి చేత్తోనే ఎడమ చెంప కప్పుకుంది.