ముడుల పుస్తకం

మా ఊళ్లో నదిని కాపాడేవాళ్లు మరీ ఎక్కువైపోయారు. ఉన్నది ఒక్కటే నది. ఒక్కొక్కరూ విడివిడిగా కాపాడితే అది తట్టుకోలేదనుకున్నారేమో, అంతా కలిసి నదీ రక్షణ సంఘం పెట్టుకున్నారు. రెండేళ్లయింది. సంఘానికి ఆకుపచ్చ టోపీలున్నాయి, ఆకుపచ్చ బనీన్లున్నాయి, బనీన్ల వీపు మీద "నది మన తల్లి" అని రాసుంది. ఆ తల్లి ఎలా ఉందో వంతెన దిగి చూసిన పాపాన ఒక్కరూ పోలేదు.

పోలేదంటే అబద్ధమవుతుంది. ఏడాదికోసారి శుభ్రత కార్యక్రమానికి దిగుతారు. కిందటిసారి ఆరుగురు పెద్దమనుషులు చేతులకు తొడుగులు వేసుకుని ఒకే ఒక్క ప్లాస్టిక్ సంచీని ఆరువైపులా పట్టుకుని ఫొటో దిగారు. ఎండకు అలిసిపోయి నీళ్లు తాగి వెళ్లిపోయారు. మర్నాడు మా బడి పిల్లలు ఒడ్డున ఏరిన ఖాళీ సీసాలు నలభై మూడు. సంఘం రాకముందు అక్కడ అన్ని ఉండేవి కావు.

నేను హైస్కూల్లో ల్యాబ్ అటెండర్ని. పరీక్షనాళికలు కడుగుతాను, ఆసిడ్ సీసాలకు చీటీలు అంటిస్తాను. టీచర్లందరూ నన్ను అటెండరమ్మా అంటారు. టీచర్ అనేది పిల్లలు మాత్రమే. అది కూడా బుధవారం ఆఖరి పీరియడ్ వల్ల వచ్చిన పిలుపు. పదకొండేళ్లుగా ప్రతి బుధవారం పిల్లల్ని పాత కాలివంతెన మీదకి తీసుకెళ్తున్నాను. సైన్సు టీచర్లు వచ్చారు, బదిలీ అయ్యారు, ఒకాయన పెళ్లి చేసుకుని మరీ వెళ్లిపోయాడు. బుధవారం మాత్రం ఒక్కటీ తప్పలేదు.

అక్కడ మేం చేసేది చాలా చిన్న పని. ఒక పాత స్టీలు పళ్లేనికి తెల్ల రంగు వేసి, మీద నల్లగా గుణకారం గుర్తు గీశాం. దానికో తాడు. తాడుకి జానెడుకొక ముడి. వంతెన మీంచి పళ్లేన్ని నీళ్లలోకి దించుతాం. గుర్తు కనపడకుండా పోయేసరికి ఎన్ని ముడులు మునిగాయో లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాం. నీళ్లు తేటగా ఉంటే పళ్లెం లోతుదాకా కనిపిస్తుంది కాబట్టి ముడులు ఎక్కువ వస్తాయి. మురికి పెరిగితే తగ్గుతాయి. వానకి బురద వచ్చిన వారం "వాన" అని పక్కన రాస్తాం. ప్రతి లెక్క కింద ఇద్దరు పిల్లలు సంతకం పెట్టాలి. నేను వాళ్లకి నేర్పిన నియమం ఒక్కటే: చూసింది రాయాలి, తోచింది రాయకూడదు.

మొదటి ఏడాది తొమ్మిది ముడులు వచ్చేవి. సంఘం పుట్టిననాటికి ఏడు. ఇప్పుడు నాలుగు. వంతెనకి ఎగువన జీన్సు ప్యాంట్లు ఉతికి రంగు పోగొట్టే కార్ఖానా ఒకటి వెలిసింది. దాని గొట్టం తిన్నగా నదిలోకే. ఆ కార్ఖానా ఎవరిదనుకుంటున్నారు? సంఘం అధ్యక్షుడిగారి బావమరిదిది. అధ్యక్షుడు నదిని అమ్మ అంటాడు, బావమరిది ఆ అమ్మకి నీలం నీళ్లు పోస్తాడు. బంధుత్వాలు ఎక్కడా చెడలేదు.

కాలుష్య శాఖకి మూడుసార్లు ఉత్తరం రాశాను, పుస్తకంలో పేజీలు నకలు తీసి జతచేశాను. జవాబు రాలేదు. ఈలోగా అధ్యక్షుడు మా హెడ్‌మిస్ట్రెస్‌ని కలిసి, పిల్లల్ని ఏటిగట్టుకి తిప్పడం ప్రమాదమని, వచ్చే నెల నుంచి మాన్పించమని చెప్పి వెళ్లాడు. ఆవిడ నీళ్లు నమిలింది. సరిగ్గా అప్పుడే తెలిసింది, సంఘం రెండో వార్షికోత్సవానికి కాలుష్య శాఖ అధికారి వస్తున్నాడని. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఒక్కసారి పుస్తకం తిరగేసి నమ్మితే చాలు, గొట్టం దగ్గర పరీక్ష జరుగుతుంది. నమ్మకపోతే బుధవారానికి నీళ్లొదులుకోవాల్సిందే.

ఆ వారంలోనే మా బావ ల్యాబుకి వచ్చాడు. అక్క మొగుడు. ఫ్లెక్సీలు వేసే షాపు ఆయనది. సంఘానికి కార్యదర్శి కూడా. అంటే సంఘం ఏ గొప్ప చెప్పుకున్నా బావ షాపులోనే అచ్చవుతుంది. మనిషి మంచివాడే. ఎవరేం చెప్పినా తలూపుతాడు, మెడ నొప్పి పుట్టేది మా అక్కకి.

స్టూలు మీద కూర్చుని, ఒక గాజు గరాటుని కన్నుకి ఆనించి నన్ను చూస్తూ, మరదలా నీ పుస్తకంతో పనిపడిందే అన్నాడు. అధికారి ముందు పెద్ద బోర్డు పెడుతున్నారట. సంఘం రాకముందు ఎన్ని ముడులు, ఇప్పుడు ఎన్ని ముడులు, అది కావాలట. అధ్యక్షుడిగారి సొంత ఆలోచనట.

"అప్పుడు ఏడు. ఇప్పుడు నాలుగు," అన్నాను.

బావ మొహం వెలిగిపోయింది. "ఏడు ముడుల్లో మూడు విడిపోయాయన్నమాట! మేం ఊరికే ఉన్నామా మరి?"

నాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ముడి అంటే చిక్కు అనుకుంటున్నాడు. నదికి ఏడు చిక్కుముడులు ఉండేవి, సంఘం పుణ్యమా అని మూడు విప్పేశారు, ఇంకా నాలుగున్నాయి. రెండేళ్లుగా నదిని ఉద్ధరిస్తున్న మనుషుల్లో ఒక్కడికీ ఆ తాడు ఎందుకుందో తెలియదు. ఒక్క మాట చెబితే సరిపోయేది. బావా, ముడులు తగ్గితే మురికి పెరిగినట్టు అని. నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కావాలనే మింగేశాను.

ఆ సాయంత్రం ఫోనుకి బోర్డు నమూనా పంపాడు. నీలి ఆకాశం, ఎక్కడివో కొంగలు, అధ్యక్షుడి నవ్వు, దాని కింద గుమ్మడికాయంత అక్షరాలు: "ఏడు ముడుల నుంచి రెండు ముడులకు! చిక్కులు వీడిన మన నది!" అడుగున చిన్నగా, "హైస్కూలు విద్యార్థుల పుస్తకం ఆధారంగా."

రెండు ఎక్కడిదని అడిగాను. ఏడు నుంచి నాలుగంటే సగం కూడా తగ్గినట్టు లేదు, చూడ్డానికి బాగోదని అధ్యక్షుడు రెండు వెయ్యమన్నాడట. వాళ్ల లెక్క ప్రకారం నిజమే వాళ్లకి లాభంగా ఉంది. అయినా చెయ్యి ఊరుకోలేదు. అలవాటు అలాంటిది. సరేనా మరదలా, అచ్చుకి ఇచ్చెయ్యనా అని అడిగాడు బావ. నేను బొటనవేలు పైకెత్తిన బొమ్మ ఒకటి పంపి, పొయ్యి మీద అన్నం చూసుకోవడానికి వెళ్లాను. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

వార్షికోత్సవం కొత్త వంతెన మీద పెట్టారు. టెంటు, కుర్చీలు, మైకు. మైకు ముందు అధ్యక్షుడు. నది కింద ఎక్కడో ఉంది, పిలవని చుట్టంలాగా. మా పిల్లలు ఇరవైమంది ఎండలో నిలబడ్డారు. పుస్తకం, పళ్లెం ఉన్న సంచీ నా భుజానికుంది. పిల్లల్లో ముందు వరసలో "సందేహం" ఉంది. ఎనిమిదో తరగతి పిల్ల. ఏది చెప్పినా చెయ్యెత్తుతుందని ఆ పేరు నేనే పెట్టాను. పేరెందుకు పెట్టారని కూడా చెయ్యెత్తి అడిగింది.

అధికారి సన్నగా, చదరపు కళ్లద్దాలతో, చిరిగిన తోలుసంచీతో వచ్చాడు. వేసిన కుర్చీలో కూర్చోలేదు. తిన్నగా బోర్డు ముందుకెళ్లి నిలబడి చదివాడు. మళ్లీ చదివాడు. ఆయనకి పళ్లెం పద్ధతి తెలుసని ఆ నుదురు ముడిపడ్డ తీరులోనే తెలిసిపోయింది.

"ఏడు నుంచి రెండుకా? రెండేళ్లలోనే?"

"అవునండీ," అన్నాడు అధ్యక్షుడు, మైకు ఇంకా చేతిలోనే ఉంది. "అంతా మా సంఘం కృషేనండీ."

"మీ సంఘం వల్లే అంటారు."

"ముమ్మాటికీ. ఇంకో ఏడాది టైమివ్వండి, సున్నాకి తెస్తాం."

పిల్లలు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. పదకొండేళ్లలో అంత ఒళ్లు తెలియకుండా నవ్వింది లేదు. అధ్యక్షుడి బావమరిది రెండో వరసలోంచి లేచొచ్చి ఆయన చెవిలో ఏదో ఊదాడు. కార్ఖానా నడిపేవాడికి నీళ్ల సంగతి తెలియకుండా ఉంటుందా? అధ్యక్షుడి మొహంలో నెత్తురుచుక్క లేదు.

అప్పుడు సందేహం చెయ్యెత్తింది. "సార్, రెండు కాదు. నాలుగు. పుస్తకంలో నాలుగే ఉంది."

అధికారి పుస్తకం అడిగాడు. ఇచ్చాను. ఆయన తెరిచేలోపే అధ్యక్షుడు ఒడ్డున పడే దారి వెతుక్కున్నాడు. చూశారాండీ, బోర్డు మీద ఒకటి, పుస్తకంలో ఒకటి, ఇదంతా పిల్లలాట, దీన్ని పట్టుకుని ఎవరి మీదా ఏదీ అనలేం అన్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో కార్యదర్శినే అడగండని మా బావ వైపు చెయ్యి చూపించాడు. సున్నాకి తెస్తానన్న మైకు అప్పుడు గానీ కింద పెట్టలేదు.

బావ తెల్లబోయాడు. ఆ రెండు వెయ్యమన్నది మీరే కదా అనే ధైర్యం ఆయనకి ఏడు జన్మలెత్తినా రాదు. జేబులోంచి ఫోను తీసి అధికారికి చూపించాడు. "వెయ్యకముందు ఈవిడకే పంపానండీ. మా మరదలే. సరేనంది."

తెర మీద బోర్డు నమూనా. దాని కింద నా బొటనవేలు.

అధికారి నా వైపు తిరిగాడు. "ఇది మీరు చూశారా?"

చూశానన్నాను.

"తప్పని తెలిసే సరేనన్నారా?"

మొన్న హెడ్‌మిస్ట్రెస్ నీళ్లు నమిలిందని ఎంత తీసిపారేశానో ఇప్పుడు గుర్తొచ్చింది. నేనూ అవే నమిలాను. సంఘం వాళ్ల మీద నాకెంత చిన్నచూపంటే, వాళ్లు నలుగురిలో బోర్లాపడితే చూడాలన్న సరదా నాకు నదికంటే ముద్దయిపోయింది. తెలుసండీ అన్నాను చివరికి. ఇరవైమంది పిల్లలు నన్నే చూస్తున్నారు. తల దించుకుందామంటే కింద నది ఉంది.

అధికారి పుస్తకం మూసేశాడు. "తెలిసి తప్పుకి సరేనన్నవాళ్ల పుస్తకాన్ని నా ఫైల్లో ఎలా పెట్టుకోనమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. పదకొండేళ్ల బుధవారాలు ఒక బొటనవేలి కింద నలిగిపోవడం నిలబడి చూశాను.

"పుస్తకం టీచర్‌ది కాదు సార్," అంది సందేహం. ఈసారి చెయ్యెత్తలేదు. "మాది. ప్రతి లెక్క కింద మా సంతకాలుంటాయి చూడండి. పళ్లెం సంచీలోనే ఉంది. కావాలంటే మీరే దించుకోండి."

ఆయన బూట్లు విప్పి, పాత కాలివంతెన ఎటని అడిగాడు.

ఆకుపచ్చ టోపీలు ఫొటో కోసం కాకుండా మొదటిసారి నది దగ్గరికి దిగాయి, ముక్కులకి చేతిరుమాళ్లు అడ్డం పెట్టుకుని. అధికారి వంగి తాడు వదిలాడు. పిల్లలు పైకి లెక్కపెట్టారు. నేను పెదవి కదపలేదు. నాలుగో ముడి మునగగానే పళ్లెం మాయమైంది. ఆయన పైకి లాగి ఇంకో రెండుసార్లు దించాడు. నాలుగు. నాలుగు. కిందటి బుధవారం పేజీ తీసి చూశాడు, ఏడాది కిందటివి, అయిదేళ్ల కిందటివి చూశాడు. వాన అని రాసిన చోట్ల వేలు ఆపాడు. ఎగువకి నడిచి గొట్టం నదిలో పడేచోట రెండు సీసాలు నింపుకుని, పుస్తకంలో ఆ రోజు తేదీ కింద "నాలుగు" అని రాసి సంతకం పెట్టాడు. నకలు రేపు పంపించమన్నాడు, నాతో కాదు, సందేహంతో.

కార్ఖానాకి నోటీసు వెళ్లింది. గొట్టం ఇంకా మూతపడలేదు. సంఘం బోర్డు మాత్రం మర్నాటికే మాయమైంది. ఆ ఫ్లెక్సీ మా అక్క డాబా మీద నీళ్ల ట్యాంకుకి కప్పు అయిందని తర్వాత తెలిసింది. బావ నాతో పదిరోజులు మాట్లాడలేదు. ఆయన తలూపకుండా ఉన్నది జీవితంలో అదే మొదటిసారి, అందుకు కారణం నేను.

తర్వాతి బుధవారం ఎప్పటిలాగే కాలివంతెన మీదకి వెళ్లాం. ఈసారి ఆపమని ఎవరూ చెప్పలేదు. పళ్లెం దించకముందు సందేహం పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. కిందటి వారం వివరాల పక్కన, "వాన" అని రాసే గడిలో గుండ్రటి అక్షరాలతో రాసుంది: "వంతెన మీద పెట్టిన బోర్డు తప్పు. తప్పని టీచర్‌కి ముందే తెలుసు." కింద ఇద్దరు పిల్లల సంతకాలు. మూడో సంతకానికి ఖాళీ వదిలారు.

ఎవరైనా ఇలా రాయించారా అని అడగబోయి ఆగాను. చూసింది రాశారు. తోచింది ఒక్క అక్షరం లేదు. పెన్ను తీసి సంతకం పెట్టాను.

పిల్ల సిరా ఆరిందాకా ఊది, పుస్తకం తన దగ్గరే పెట్టుకుంది.

"మీరు తాడు పట్టుకోండి టీచర్," అంది. "లెక్క మేం చూసుకుంటాం."