రేడియో ఎడమ మూల

అక్రోటు గింజతో రుద్దితే కొయ్య మీది గీత మాయమవుతుందని ఫోన్లో వీడియోలో ఆ తెల్ల గ్లౌజుల మనిషి ఎంత తాపీగా చెబుతున్నాడో, ఆయనకేం, ఆయన ఇంటికి సాయంత్రం బస్సులో మొగుడు దిగడు, మొగుడి వెంట శ్రీనాథ్ బావ దిగడు, అయినా ఇప్పుడు గద్వాలలో అక్రోట్ల కోసం ఎక్కడ తిరగాలి, అక్రోటూ గింజే, పల్లీ గింజే, రెంటిలోనూ ఉండేది నూనే కదా అనుకుని మాలతి డబ్బాలోంచి గుప్పెడు పల్లీలు తీసి, పొట్టు ఊది, ఒక గింజను సగానికి కొరికి రేడియో మీద రుద్దింది, గీత పోలేదు సరికదా పక్కన నూనె మరక ఇంకోటి తేలింది, పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగిందని పెద్దలు ఊరికే అన్నారా, ఇప్పుడీ మరక కలిసిపోవాలంటే పైభాగమంతా రుద్దాలి, అంతా రుద్దితే బావ గడపలోకి రాగానే ఈ ఇంట్లో రేడియో ఉన్నట్టుండదు, తాలింపు వేసినట్టుంటుంది.

అసలు బూజు దులపమని ఎవరు చెప్పారు తనకు, ఎవరూ చెప్పలేదు, బావ వస్తున్నాడు కదా, అక్కతో పోయి మీ చెల్లె ఇంట్ల సాలెగూళ్లు ఏలాడుతున్నయి అంటాడు కదా అని తనే కర్ర పట్టింది, ఆ కర్ర తగిలి అలమర మీది రాగి చెంబు దొర్లి, పడటానికి ఇల్లంతా ఉండగా సరిగ్గా రేడియో ఎడమ మూల మీదే పడింది, పైన జానెడు గీత, మూలన బొటనవేలి గోరంత ముక్క ఎగిరిపోయింది, బావ నాగర్‌కర్నూల్‌లో డ్రాయింగ్ మాస్టరు, మొన్న పెళ్లిలో తన పాత టేప్ రికార్డరు మూలలు తానే దిద్దుకున్నానని, తానే పాలిష్ పెట్టుకున్నానని బంతిలో అందరి విస్తళ్లూ చల్లారేదాకా చెప్పాడు, అది విని తన మొగుడు గిరిధర్‌కు రోషం పొడుచుకొచ్చింది, మా నాయన కొన్న రేడియోకు ఇన్నేండ్లల్ల ఒక్క గీత పడలే శ్రీనాథన్నా, దిద్దే పనే రాలే అన్నాడు, అయితే చూడాల్సిందే అన్నాడు బావ, ఇవాళ గిరిధర్ వనపర్తిలో పని చూసుకుని, అక్కడే బావను కలుపుకుని వస్తున్నాడు, ఆ రేడియో పలకడం మానేసి ఎంత కాలమైందో ఎవరికీ గుర్తు లేదు, పాడని రేడియోకు ఇంత పహరా ఏ ఊళ్లో ఉంటుంది.

పహరా అంటే మామూలు పహరానా, కూతురు శ్రుతి చిన్నప్పుడు దాని గుండీ తిప్పిందని ఇల్లు పీకి పందిరేశాడు, ఒకసారి తను చాయ్ గ్లాసు దాని మీద పెట్టినందుకు, సామాన్ కాపాడనీకి గుణముండాలె, అది అందరికి రాదు అన్నాడు, గ్లాసు సంగతి అతను ఎప్పుడో మరిచిపోయాడు, ఆ మాట మాత్రం ఆమెలో ముల్లులా అట్లాగే ఉంది, ఇన్నేళ్లుగా మగ్గం మీద పట్టు మాసిపోకుండా, చీర మడత నలగకుండా, ముసలి అత్త మాట జారకుండా కాపాడుతున్నది ఎవరట, ఇవాళ ఈ మూల చూశాడంటే అదే మాట బావ ముందర అంటాడు, బావ దాన్ని అక్కకు మోస్తాడు, అక్క ఫోన్ చేసి ఓదారుస్తుంది, తిట్లనైనా పడొచ్చు గానీ అక్క ఓదార్పు పడలేం.

ముందు గీత సంగతి చూడాలి, బావ కోసమని తెచ్చిన కాఫీ పొట్లం చించి రెండు చుక్కల నీళ్లలో కలిపి దూదితో అద్దింది, అరే, గీతా, పక్కనున్న నూనె మరకా నిజంగానే కొయ్యలో కలిసిపోయాయి, తెల్ల గ్లౌజుల మనిషికి ఈ సంగతి తెల్వదేమో, పోనీ బావ చాయే తాగుతాడు, ఇక ఎగిరిపోయిన ముక్క ఎక్కడ పడిందో, మంచం కిందికి దూరి తడుముతుంటే గడపలో రాట్నం ముందు కూర్చున్న అత్త మల్లమ్మ, ఏం ఎతుకుతున్నవే అని అరిచింది, ఆమెకు చెవుడు, లోకమంతా చెవిటిదని ఆమె నమ్మకం, పల్లి పడ్డదత్తా అంటే, ఒక్క పల్లికి గింత పరేషానా, మా కాలంల కళ్లంల రాలిన పల్లీలు పిట్టలకే ఇడిసెటోళ్లం అంటూ పక్కనున్న గిన్నెలోంచి పల్లీలు ఒక్కొక్కటే నోట్లో వేసుకుంటోంది, అక్రోట్ల బదులు తీసినవి అట్లా ఖర్చయిపోతున్నాయి.

ముక్క దొరికింది, ట్రంకుపెట్టె వెనుక, దుమ్ములో, హమ్మయ్య అనుకుని, అంటించడానికి గంజి కాచి, దుమ్ము పోయేందుకు ముక్కను తడిగుడ్డలో చుట్టి పెట్టింది, తీరా విప్పి చూస్తే అది మెత్తబడింది, కొయ్య మెత్తబడుతుందా, గోటితో గిల్లితే పోగు వచ్చింది, లాగితే ఇంకో పోగు, కొయ్యకు పోగులుంటాయా, వెలుతురులో పెట్టి చూసింది, వక్కపొడి రంగు పట్టు, తెగిన పట్టుపోగులన్నీ గంజిలో ముద్ద చేసి, ఆరబెట్టి, పైన రంగు పూసి పాలిష్ పెట్టారు, అంటే ఈ మూల ఇవాళ విరగలేదు, ఎప్పుడో విరిగింది, చెంబు పడి ఊడింది మాసిక మాత్రమే, వడ్రంగి అయితే రంపపు పొట్టుతో పూడుస్తాడు, ఇది వడ్రంగి పని కాదు, మగ్గం కింది తెగిన పోగుల బుట్టలోకి చెయ్యి పోయే మనిషి పని, ఈ ఇంటి పనే.

ఒక్క గీత పడలే అన్నాడు కదా, నవ్వు వచ్చింది, నవ్వు వెనకే కోపం వచ్చింది, పొద్దున్నించి ప్రాణం అరచేతిలో పెట్టుకుని తిరుగుతున్నది దేనికోసం, ఎవరు చేశారీ పని, మామ ఈశ్వరయ్య చేసి ఉంటాడా, పట్టు చుట్టిన కండె కింద పడేస్తే వారం రోజులు ముఖం చూడని మనిషట, ఆయన మాసిక వేసి దాచిపెడతాడా, ఏమో, అత్త చేసిందా, అదిగో ఏమీ ఎరగనట్టు పల్లీలు నములుతోంది, చెవుడు మనిషికి పెద్ద రక్ష, ఎవరైతే తనకేం, మూల అట్లాగే వదిలేస్తే, బావకు చూపించి ఇదిగో మీ తమ్ముడి ఒక్క గీత పడని రేడియో అంటే, అబ్బ, ఆ మాట అనడానికి నాలుక ఎంత దురద పెట్టిందో, కానీ రేపటికల్లా నాగర్‌కర్నూల్ అంతా ఈ రేడియో కథే పలుకుతుంది, గిరిధర్ తల వంచుకుని నిలబడటం ఆమెకు కళ్ల ముందు కనబడింది, అది చూడలేననిపించింది, ఎందుకు చూడలేవే అని తనను తాను తిట్టుకుంటూనే బుట్టలోంచి తెగిన పోగులు ఏరి, గంజిలో ముద్ద చేసి, కాఫీ రంగు కలిపి, చెంచా వెనక్కి తిప్పి మూలకు అదిమింది, కొంచెం ముదురు రంగు వచ్చింది గానీ పాతదానికంటే తన పనే నున్నగా ఉంది, ఆ మాట కూడా ఎవరితోనూ చెప్పుకునే వీల్లేదు కదా.

ఆటో ఆగింది, చెప్పుల చప్పుడు, బావ కాళ్లు కడుక్కోకముందే కళ్లజోడు తుడుచుకున్నాడు, కుడి పక్క చూశాడు, పైన చూశాడు, వేలితో తట్టాడు, వంగి వాసన చూసి, ఏందిది, పల్లీల వాసనొస్తది అన్నాడు, గడపలోంచి అత్త, పొద్దుగాల్నుంచి రేడియోకు పల్లీలు తినిపిస్తుంది నా కోడలు అని ఉన్న నిజాన్ని ఉన్నట్టు అరిచి చెప్పింది, అందరూ నవ్వారు, బావ ఎడమ వైపుకు జరిగాడు, మాలతి చాయ్ పళ్లెంతో అడ్డం పడదామని అడుగు వేసింది, అప్పటికే అక్కడ గిరిధర్ ఉన్నాడు.

రేడియో వైపు చూడనైనా లేదు, వనపర్తి ఎండల గురించి ఏదో చెబుతూనే మోచెయ్యి ఆ మూల మీద ఆనించాడు, భుజం మీది తువ్వాల జారి మూలను కప్పింది, ఇవాళ చెంబు పడిందని ఇతనికి ఎవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, మరి, పెళ్లైన కొత్తలో ఈ రేడియో పక్కన దిగిన ఫొటోలో పెళ్లాం భుజం మీద ఉండాల్సిన చెయ్యి ఎక్కడుంది, ఆ మూల మీదే ఉంది, సున్నాలు వేసేవాళ్లు వచ్చినప్పుడు, కరెంటు మనిషి వచ్చినప్పుడు ఎక్కడ నిలబడ్డాడు, అక్కడే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మామ కాదు, అత్త కాదు, ఈయనే.

మంచిగ కాపాడినవ్ తమ్మీ అన్నాడు బావ కళ్లజోడు తీస్తూ, గిరిధర్ మెడ మీద చెమట పట్టింది, మాలతి చాయ్ అందిస్తూ, ఆయన చేతిపని గట్టిది బావా, చెంబు మీద పడితే తప్ప ఊడదు అంది, బావకు అర్థం కాలేదు, గిరిధర్ గ్లాసు అందుకోబోయి ఆగాడు, ఆమె వేళ్లకు అంటిన గంజి చూశాడు, గోటి సందులో వక్కపొడి రంగు పోగు చూశాడు, తువ్వాల అంచు మెల్లగా ఎత్తి మూలను చూశాడు, చిన్నపిల్లాడిలా, చెప్పకు అన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు, ఎవరికి చెప్పొద్దనో ఆ చూపులోనే ఉంది, బావకు కాదు, గోడ మీద దండ వేసిన ఫొటోలోని ఈశ్వరయ్యకు, అప్పుడు ఆమె కోపమంతా ఎటు పోయిందో పోయింది, చాయ్ గ్లాసు పెట్టినందుకు తనను తిట్టింది రేడియో మీద ప్రేమతో కాదు, తుడవడానికి దగ్గరికి వంగితే ఎక్కడ కనిపెడుతుందోనని, పిచ్చి మనిషి ఇన్నేళ్లూ కాపాడింది రేడియోను కాదు, అంత కోపిష్టి నాయన దగ్గర మంచి కొడుకన్న ఒక్క పేరును.